ఎన్ను వేయని గోధుమ

ఈ మధ్య మా ఇంట్లో రోజూ పొద్దున్నే గోధుమరవ్వ వేయిస్తున్నారు. షుగరు ఉందని డాక్టరు నన్ను అన్నం తగ్గించమన్నాడు. కోడలు మూకుడులో రవ్వ పోసి గరిటె తిప్పుతుంటే ఆ వాసన వరండా దాకా వస్తుంది. అందరికీ అది వంటింటి వాసనే. నాకు మాత్రం కొత్త గోనెసంచి మూతి విప్పినప్పుడు లేచే దుమ్ము, ఎండలో బడి వాకిట్లో నిలబడ్డ ఆడవాళ్ళ చెమట, వాళ్ళ వెనక ఎక్కడో యాకోబు సారు పొడిదగ్గు, అన్నీ కలిసి ఒక్కసారే వస్తాయి. ఈ వయసులో జ్ఞాపకం కూడా ఒక పనే. ఎవరో తలుపు కొట్టినట్టు ఉంటుంది, లేచి వెళ్ళి తీయక తప్పదు. ఒక్కోరోజు లేవాలనిపించదు. అయినా ఆయన గురించి రాయగలిగినవాళ్ళు ఇప్పుడు నేను తప్ప పెద్దగా ఎవరూ మిగల్లేదు. ఆయన్ని మీరెవరూ చూసి ఉండరు. అందుకే రాస్తున్నాను.

ఖానాపూర్‌కు కొంత దూరంలో ఉన్న ఒక ఊళ్ళో మిషను బడికి ఆయన పెద్దసారు. నేను కరీంనగర్‌లో పంతులమ్మ ట్రైనింగు ముగించి, బైబిలు, పాటల పుస్తకం, రెండు చీరలు పెట్టెలో పెట్టుకొని అక్కడికి వెళ్ళాను. మా నాన్న సువార్తికుడు. ప్రార్థనతో తప్ప ఏ పనీ మొదలుపెట్టకూడదని, సంఘం ఆమెన్ అన్న మాటకు ఎదురులేదని నమ్ముతూ పెరిగినదాన్ని. బడి వాకిట్లో ఒక సన్నటి మనిషి, రంగు వెలిసిన కోటు వేసుకొని, పిల్లల కోసం తనే నీళ్ళకుండ కడుగుతున్నాడు. నన్ను చూసి చేతులు కోటుకే తుడుచుకున్నాడు.

“బిడ్డా, పాట వస్తదా?”

“వస్తది సారు.”

“లెక్కలు?”

“జర తక్కువ.”

“అయితె మనిద్దరం కలిస్తె ఒక పూర్తి పంతులైతం. నాకు పాట రాదు. నేను పాడితె బర్లు కట్టుతాళ్ళు తెంపుకుంటయి.”

ఆయన సోషలు చెప్పేవాడు. దేశదేశాల సంగతులు ఎక్కడ దొరికినా చదివేవాడు. పాత పత్రికలో బెల్లం చుట్టి ఇస్తే బెల్లం పక్కన పెట్టి ముందు కాగితం చదివే రకం. ఆయనకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం అమెరికా పాఠం. అంత పెద్ద దేశం, ఏం పండించాలో, ఏం తయారు చేయాలో ఎవరూ ఆజ్ఞ ఇవ్వకుండానే ఎలా నడుస్తుందన్నది ఆయనకు తీరని ఆశ్చర్యం. ఆ పాఠం ఎన్నడూ బడిలో చెప్పలేదు. అంగడి రోజున ఏడో తరగతి పిల్లల్ని వరసగా నడిపించుకొని అంగట్లోకే తీసుకుపోయేవాడు. మొదటిసారి నేనూ వెంట వెళ్ళాను.

“ఇయ్యాల ఎవలు ఏం కూరగాయ తేవాల్నో ఎవలు చెప్పిండ్రు?” అని అడిగాడు, గంపల మధ్య నిలబడి.

“ఎవ్వలు చెప్పలే సారు.”

“మరి అందరు వంకాయలే తెస్తె?”

“వంకాయ అగ్గువైతది సారు. మా అవ్వ ఇంటికొచ్చి మమ్ముల తిడుతది,” అన్నది ఒక పిల్ల.

“వచ్చే అంగడికి మీ అవ్వ ఏం తెస్తది?”

“బెండకాయ.”

“గంతే! గా దేశం గిసువంటి అంగడే. కాకపోతె ఈ కొసకెల్లి ఆ కొసకు పోవాల్నంటె రైలుకే దినాలు వడుతది.”

తర్వాత అంగడి చివర ఉన్న రాతి అరుగు మీద సుద్దముక్కతో బొమ్మ గీశాడు. అడుగున భూమిలోంచి తీసేవాళ్ళు, అంటే రైతులు, బొగ్గుబాయి వాళ్ళు. వాళ్ళ మీద తయారు చేసేవాళ్ళు, అంటే బట్టల మిల్లులు, ఇనుము కొలుములు, మోటారు కార్ఖానాలు. ఆ పైన మోసేవాళ్ళు, అమ్మేవాళ్ళు, అంటే రైలు, లారీ, దుకాణం. వాళ్ళ పక్కన, ఒకరు దాచుకున్నది ఇంకొకరి పనికి అందించే బ్యాంకులు. అన్నిటికంటే పైన ఏ వస్తువూ అమ్మనివాళ్ళు, అంటే మంగలి, డాక్టరు, వకీలు, పంతులు. ఆ దేశంలో ఏళ్ళు గడిచినకొద్దీ చేలల్లో మనుషులు తగ్గిపోతారని, ఆ కొద్దిమందే అందరికీ తిండి పెడతారని, మిగతావాళ్ళు ఒక్కో మెట్టూ పైకి జరిగిపోతారని చెప్పాడు. సర్కారు ఏం చేస్తుందని ఒకడు అడిగితే, “సర్కారు అంగడి కావలికారు. దొంగతూకం వడుతది, తొవ్వలు ఏస్తది, పన్ను దీస్కుంటది. నువ్వు వంకాయ పెట్టు, బెండకాయ పెట్టు అని మాత్రం చెప్పది” అన్నాడు.

“మరి మీరు ఏం అమ్ముతరు సారు?”

“నోరు బిడ్డా. గిరాకీ లేదు.”

తిరిగి వచ్చేటప్పుడు నేను అడిగాను. “సారు, అంతా ధరే నడిపిస్తదంటున్నరు. మరి దేవుడెక్కడున్నడు అందుల?” నా గొంతులో కొంచెం కోపం కూడా ఉండి ఉంటుంది. ఆయన నడక ఆపలేదు. “దేవుడు అంగడికి బేరం జెయ్య రాడు బిడ్డా. తూకపురాయి సరిగున్నదా లేదా చూడ వస్తడు,” అన్నాడు. ఆ మాట అప్పుడు నాకు చాలనిపించింది. ఆయనకు కూడా.

ఆ తర్వాతే వానలు మొహం చాటేశాయి. ఒక ఏడు సగం వాన, మరుసటి ఏడు అదీ లేదు. జొన్నగట్క పలచబడి గంజి అయింది, గంజి నీళ్ళయింది. అప్పుడు అమెరికా గోధుమలు వచ్చాయి. ఓడలో, రైల్లో, లారీలో, చివరికి ఎడ్లబండి మీద మా బడి వాకిట్లోకి వచ్చాయి. చెరువు పూడిక తీసినవాళ్ళకు కూలీ కింద గోధుమలు కొలిచి ఇవ్వాలి. కొలత యాకోబు సారుది, సంచి పట్టడం నాది. మా వాళ్ళకు గోధుమ అంటే పెళ్ళిలో పూరీ. రోజూ తినే గింజ కాదు. రొట్టె చేస్తే సాగుతుందని, గట్క వండితే జిగురవుతుందని ఆడవాళ్ళ గోల.

“సారు, గీ గింజ నములుతుంటె పొద్దు గుంకుతున్నది. ఆకలి తీరుతలేదుగాని దవడలు గట్టివడ్డయి. ఇగ మా ఆయనతోని లొల్లి వెట్టుకున్నా నేనే గెలుస్త,” అన్నది లచ్చవ్వ ఒకరోజు, ఒళ్ళో గోధుమలు పోయించుకుంటూ. వరసంతా నవ్వారు.

లచ్చవ్వ భర్త రాజయ్య మా సంఘంలో మనిషే. సొంత భూమి లేదు. పటేలు మోటబావి కింద చేను కౌలుకు చేసేవాడు. యాసంగి కోత కాగానే పటేలుకు జొన్నలు కొలవాలి. కొలవని ఏడు చేను చేతులు మారుతుంది. అంత కరువులోనూ ఆ బావిలో నీళ్ళున్నాయి. ఊళ్ళో చాలామందికి లేనిది అతనికి ఉన్నదల్లా అదే. అతను ఆ రోజు చేతిలో గోధుమలు పోసుకొని చాలాసేపు చూశాడు.

“సారు, గా దేశపోళ్ళు మనకెందుకిస్తుండ్రు? ఆళ్ళకు కడుపులు లేవా?”

“ఉన్నయి. అవి నిండినంక మిగిలింది. శాన పండితె ధర పడుతది రాజయ్యా, ధర పడితె రైతు పడుతడు. అందుకని ఆళ్ళ సర్కారు మిగిలింది కొని కొట్లల్ల పోసింది. కొట్లు గూడ నిండినయి.”

కరువు రోజుల కోసం ఐగుప్తులో కొట్లు నింపి పెట్టిన బైబిలు కథ వింటూ పెరిగిన మాకు ఆ మాట ఎంత తియ్యగా తోచిందో చెప్పలేను. రాజయ్య ఇంకా గింజలనే చూస్తున్నాడు. “నిర్మల్ల సేట్లు గోధుమకు జొన్న మీద ఎంతో ఎక్కువిస్తుండ్రట. నా బాయి కింద గిదే చల్లితె?” అన్నాడు. సారు ముఖం వెలిగిపోయింది. అంతవరకూ సుద్దముక్కతో గీసింది తన కళ్ళముందు ఒక మనిషిగా లేచి నిలబడినట్టు చూశాడు. “ధర యాడుంటె పైరు ఆడికే పోవాలె. ఎయ్యి రాజయ్యా, మంచిగ ఎయ్యి,” అన్నాడు. ఆదివారం ఆరాధనలో రాజయ్య కూలి గోధుమల్లోంచే విత్తనం మూట కట్టి తెచ్చి బల్ల ముందు పెట్టాడు. పాస్టరు అయ్యగారు దానిమీద చేతులుంచి ప్రార్థన చేశారు. సంఘమంతా ఆమెన్ అన్నది. లచ్చవ్వ మొదటి మోపు దేవునిదేనని మొక్కుకుంది.

చలి మొదలయ్యాక చల్లారు. ఆ పచ్చదనం ఇప్పటికీ నా కళ్ళలో ఉంది. చుట్టూ ఎండిన చేలు, మధ్యలో ఆ ఒక్క చేను చాప పరిచినట్టు దట్టంగా లేచింది. పక్క ఊళ్ళవాళ్ళు కూడా చూడటానికి వచ్చారు. యాకోబు సారు బడి కాగానే రోజూ అటే వెళ్ళేవాడు. క్రిస్మసు దాటింది. పక్క చేలలో ఉన్న కాస్త జొన్న కంకి తొడిగింది. గోధుమ మాత్రం పిలకలు వేస్తూనే ఉంది, పక్కలకు పాకుతూనే ఉంది, నిలువునా లేవటం లేదు. సారు గట్టున కూర్చొని పిలకలు విడదీసి లోపల ఎన్ను ఉందేమోనని వేళ్ళతో తడిమేవాడు. లచ్చవ్వ నీళ్ళు మళ్ళిస్తూ, “ఏం దొరికింది సారు? మీ వేలేనా?” అనేది. మొదట్లో నవ్వుతూ అనేది. తర్వాత తర్వాత నవ్వు లేకుండా.

చివరికి ఆ దారిన పోతున్న వ్యవసాయ శాఖ ఆఫీసరు ఒకాయన జీపు ఆపి చూశాడు. ఇది చలిదేశపు గోధుమ అన్నాడు. అక్కడ చలికి ముందు చల్లుతారట, మొలక మంచు కింద నెలల తరబడి పడుకుంటుందట. ఆ మంచు నిద్ర లేకపోతే దానికి ఎన్ను వేయాలన్న సంగతే తెలియదట. ఇక్కడ ఎన్ని నీళ్ళు పెట్టినా గడ్డే. మంచి గింజే, తినడానికి పంపారు, విత్తనానికి కాదు. అంత మాత్రం చెప్పి ఆయన జీపు ఎక్కాడు. రాజయ్య తలపాగ విప్పి దులిపి మళ్ళీ కట్టుకున్నాడు. సారు మాత్రం ఆ గట్టు మీదే చాలాసేపు కూర్చున్నాడు. “అంతా చెప్పిన బిడ్డా. మిల్లులు చెప్పిన, రైళ్ళు చెప్పిన, బ్యాంకులు చెప్పిన. గా పంట మంచుల పండుకుంటదని నాకే తెల్వలే,” అన్నాడు నాతో. ఆయనకు దగ్గు ఎక్కువైంది అప్పటినుంచే.

ఆ నెలలోనే మా కోత పండుగ. ఎవరికి పండింది వాళ్ళు తెస్తారు. కోడి, గుమ్మడికాయ, జొన్నలు, చారెడు పెసలు, ఏదైనా సరే. ఆరాధన అయ్యాక వాకిట్లో హర్రాజు, అంటే వేలంపాట. అంగట్లో అగ్గువకు అడుగుతారు, ఇక్కడ దేవుని సొమ్మని పిరానికి అడుగుతారు. ఒక కోడిగుడ్డుకు మేకపిల్ల ధర పలికిన రోజులున్నాయి. హర్రాజు పాడేది ఎప్పుడూ యాకోబు సారే. పాట రాకపోయినా ఆ పాట మాత్రం వచ్చు అనేవాడు. ఆ ఏడు వచ్చిందంతా మందిరం పైకప్పుకు అనుకున్నారు. గోడలు లేచి ఆగిపోయి ఉన్నాయి, మేం తాటాకు పందిరి కింద కూర్చునేవాళ్ళం.

లచ్చవ్వ గోధుమగడ్డి మోపు నెత్తిన పెట్టుకొని వచ్చింది. పచ్చగా, ఒక్క ఎన్ను లేకుండా. దాన్ని గుమ్మడికాయల పక్కన పెట్టి వెనక్కి వెళ్ళి కూర్చుంది. సారు హర్రాజు మొదలుపెట్టకుండా సంఘపెద్ద మత్తయి వైపు తిరిగాడు.

“పెద్దయ్యా, ఒక మాట. ఈ విత్తనానికి మనమందరం ఆమెన్ అన్నం. పండితె మన దేవుడిచ్చిండని పాట పాడేటోళ్ళం. పండలే. ఇప్పుడది రాజయ్య ఒక్కని చేనైందా? ఇయ్యాల వచ్చిన జొన్నలు పటేలుకు కొలుద్దాం. చేను నిలవడుతది. కప్పు వచ్చే ఏడు ఏసుకుందాం.”

మత్తయి చెడ్డవాడు కాదు. ఆ గోడల రాళ్ళు తన బండి మీదే తోలినవాడు. “సారు, దేవునికిచ్చిన గింజలు పటేలు గరిసెకు పోవుడా? పస్తులుండి మొక్కు తెచ్చినోళ్ళకు నేనేం జెప్పాలె?” అన్నాడు. చాలామంది తలలు ఊపారు. నాకు మత్తయి మాటా నిజమే అనిపించింది, సారు మాటా నిజమే అనిపించింది. ఇన్నేళ్ళు వాక్యం చదివినా ఆ రెంటిలో ఏది బరువో ఇప్పటికీ తేల్చుకోలేదు. సారు ఇంకా ఏదో అనబోతుంటే వెనకనుంచి లచ్చవ్వ లేచింది.

“సారు, మా గురించి లొల్లి వద్దు. గడ్డైనా మొక్కు మొక్కే. హర్రాజు పాడుండ్రి.”

ఆయన పాడాడు. మోపు మీద చెయ్యి వేసి, గొంతు సవరించుకొని, “గోధుమమోపు. ఎవలడుగుతరు?” అన్నాడు. మొదట అడిగింది మత్తయే. తర్వాత ఇంకొకరు, మరొకరు. అందరికీ ఆ ఇద్దరి మీద జాలి. ఆ జాలి చూపించడానికి ఉన్న దారి అదొక్కటే. ఆడవాళ్ళు కొంగుముడులు విప్పారు. ఎప్పుడూ నోరు విప్పని ముసలాయన కూడా పెంచి అడిగాడు. ఆ రోజు అన్నిటికంటే ఎక్కువ పలికింది ఆ గడ్డిమోపే. స్తోత్రం చెప్పి అందరం పాట అందుకున్నాం. మందిరానికి రేకులు వచ్చాయి. రాజయ్యకు చేను రాలేదు.

సారు ప్రయత్నించకపోలేదు. తన ఇంట్లో ఏడాదికి దాచుకున్న జొన్నలన్నీ బండికెత్తించి పటేలు దగ్గరికి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. పటేలు మర్యాదగా కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. “సారు, మీరంటె నాకు ఇజ్జత్ ఉన్నది. గని మీ ఇంట్ల గింజలు నాకెందుకు? వచ్చే ఏడు నా చేను ఎవడు మంచిగ జేస్తడు అన్నదే నాకు గావాలె. ఇంకొకాయన ఎక్కువిస్తనన్నడు. మాట అయిపోయింది. మీరే చెప్తరు గదా పిల్లలకు, ధర యాడుంటె ఆడికే అని,” అన్నాడు. ఎగతాళిగా కాదు, మామూలుగానే. సారు చాయ్ మొత్తం తాగాడు. తాగకపోతే మర్యాద కాదని తాగాడు. జొన్నలు తిరిగి ఇంటికి వచ్చాయి. సగం లచ్చవ్వ ఇంట్లో దించి వెళ్ళమని బండివాడికి చెప్పాడు.

రాజయ్య బెల్లంపల్లి దిక్కు బొగ్గుబాయి పనికి బయలుదేరాడు. ఖానాపూర్‌లో బస్సు ఎక్కించడానికి సారు, నేను వెళ్ళాం. లచ్చవ్వ మూట పట్టుకొని నిలబడింది. ఆమె అత్తను చూసుకోవడానికి ఊళ్ళోనే ఉండిపోయింది. బస్సు కదిలేముందు రాజయ్య కిటికీలోంచి, “ఫికర్ జెయ్యకుండ్రి సారు. మీరు చెప్పిందే గదా. చేన్ల బతుకు లేనోడు ఇంకో మెట్టు ఎక్కుతడని. నేను ఎక్కుతలేను, కిందికి దిగుతున్న, గంతే,” అని నవ్వాడు. బాయిలోకి దిగడం గురించే అన్నాడు. మాకు నవ్వు రాలేదు. తిరుగుదారిలో సారు అలసిపోయిన మనిషి నడిచినట్టు, ప్రతి అడుగూ అడిగి అడిగి వేసినట్టు నడిచాడు.

ఆయన ఆ పాఠం మానేస్తాడనుకున్నాను. మానలేదు. మరుసటి ఏడు మళ్ళీ అంగట్లోకే పిల్లల్ని తీసుకుపోయాడు. అదే వంకాయ, అదే బెండకాయ, అవే మెట్లు. ఆ దేశం గొప్పదనం కూడా తగ్గించి చెప్పలేదు. చివర్లో మాత్రం కొత్త ప్రశ్న ఒకటి చేర్చాడు. “గా దేశంల రైతు లెక్క తప్పిండు. పంట పోయింది. ఆని నష్టం ఎవలు మోస్తరు?” అని అడిగి, తనే అరుగు మీద గీతలు గీశాడు. బ్యాంకు కొంత ఆగుతుంది, బీమా కొంత ఇస్తుంది, సర్కారు కొంత పడుతుంది, కార్ఖానాలో ఉన్న తమ్ముడు కొంత పంపుతాడు. మెట్లు ఒకదాని బరువు ఒకటి ఆపుకుంటాయి. అందుకే అక్కడ మనిషి ధైర్యంగా కొత్త గింజ చల్లుతాడు. అంగడి అంటే ధర ఒక్కటే అని తాను ఇన్నాళ్ళు సగమే చెప్పానన్నాడు. “మరి మన ఊళ్ళె తప్పితె ఎవలు మోస్తరు?”

ఆ పక్కనే లచ్చవ్వ ఎవరిదో గంప నెత్తికెత్తుకుంటోంది. కూలికి మోసే గంప. ఒక పిల్ల అటు చూపించింది. “లచ్చవ్వ, సారు,” అన్నది.

సారు సుద్దముక్క జేబులో వేసుకున్నాడు. పాఠం అయిపోయిందన్నాడు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. తర్వాత నేను ఎన్నో బళ్ళు మారాను, ఇప్పుడు సంఘంలో పెద్దదాన్ని. కొత్త బోరు వేస్తామని, కొత్త రకం పత్తి పెడతామని, దుబాయికి పోతామని అందరూ ప్రార్థనకు నా దగ్గరికే వస్తారు. దేవుని మీద నా నమ్మకం ఆ ఏడు తగ్గలేదు. ప్రార్థన మాత్రం అంతకు ముందులా తేలిగ్గా నోటికి రావడం మానేసింది. వచ్చినవాళ్ళను ముందు కూర్చోబెట్టి, తప్పితే ఎవరు మోస్తారని అడుగుతాను. మొన్న మా సంఘం కుర్రవాడు ఒకడు లారీ కొంటున్నానని వచ్చాడు. నా ప్రశ్నకు వాడికి కోపం వచ్చింది. “టీచరమ్మా, దీవించుమంటె దివాలా మాటలు మాట్లాడుతున్నవేంది?” అన్నాడు. నిజమే, వాడికి విసుగే, నాకూ విసుగే. అయినా మళ్ళీ అడిగాను. చివరికి వాడు “మా అవ్వ,” అన్నాడు.

“మీ అవ్వతోపాటు నా పేరు గూడ రాసుకో. గట్లయితెనే మోకాళ్ళూనుత,” అన్నాను. వాడు తలూపాడు. గోడ పట్టుకొని మెల్లగా కిందికి దిగి, వాడి పక్కన మోకాళ్ళూని, కళ్ళు మూసుకున్నాను.